మన బండిది కాదు బేటా

మా ముందు గదిలో టీవీ పక్కన ఒక అల్యూమినియం గిన్నె బోర్లించి ఉంటుంది. చిన్న గుడిగంటంత ఉంటుంది, నెత్తిన ఇత్తడి మూత. ఇంటికొచ్చినవాళ్ళు దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి "ఇదేంది అన్నా, ధూపం వేసేదా?" అని అడుగుతారు. ఇల్లు సర్దినప్పుడల్లా మా ఆవిడ దాన్ని పాత సామాన్లలో వేస్తుంది, నేను మళ్ళీ తెచ్చి అక్కడే పెడతాను. అది పాత కారు ఇంజన్‌లో పెట్రోల్‌ను గాలితో కలిపే ఎస్‌యూ కార్బ్యురేటర్ పైన ఉండే గిన్నె. దాని లోపల ఆడాల్సిన పిస్టన్ నా దగ్గర లేదు. ఎన్నడూ లేదు. నేను కొన్న మొదటి స్పేర్ పార్టు అది. అది మన బండిది కాదని చెప్పిన మనిషి ఇప్పుడు లేడు. అందుకే పారేయలేను.

మా బాపు వరంగల్ గిర్మాజీపేటలో పత్తి అడ్తి నడిపేవాడు. 1979లో హన్మకొండలో ఒక డాక్టరు గారి దగ్గర 1968 మోడల్ అంబాసిడర్ కొన్నాడు. మార్క్ టూ. మీగడ రంగు బండి, ముందు గళ్ళ జాలీ. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. గేరు రాడ్డు స్టీరింగ్ పక్కనే ఉండేది కాబట్టి ముందు సీటు బెంచీలా ఒకటే పొడుగు. బాపుకీ అమ్మకీ మధ్యన నేను, నా ఒళ్ళో తమ్ముడు. వేడెక్కిన రెగ్జిన్ వాసన, పత్తి వాసన, పెట్రోల్ వాసన కలిసి కొట్టేవి. చలికాలం పొద్దున సెల్ఫ్ పలకకపోతే బాపు ముందు నుంచి హ్యాండిల్ రాడ్డు దూర్చి తిప్పేవాడు. బొటనవేలు రాడ్డు చుట్టూ చుట్టకుండా మిగతా వేళ్ళ పక్కనే పెట్టి పట్టుకునేవాడు. ఇంజన్ ఎదురు తన్నిందంటే బొటనవేలు విరిగిపోతుందట.

ఆ బండితో అమ్మకు ఒకటే తగాదా. రాత్రి ఆపి పెడితే తెల్లారేసరికి ఇంజన్ వెనక భాగం కింద నల్లటి నూనె చుక్క ఉండేది. అమ్మ కల్లాపి చల్లి ముగ్గు వేసే వాకిలి అది. ఎంతమందికి చూపించినా ఆ చుక్క ఆగలేదు. చివరికి అమ్మ ఒక పాత ఇనుప తట్టలో పొయ్యి బూడిద పోసి రోజూ పడుకునే ముందు బండి కింద పెట్టడం మొదలుపెట్టింది. బాపు అడ్తి నుంచి ఎంత పొద్దుపోయి వచ్చినా ఆ తట్ట జరిపిన చప్పుడు వినబడ్డాకే ఇల్లు నిద్రపోయేది.

1982 మేడారం జాతరకు ఆ బండిలోనే వెళ్ళాం. తమ్ముడికి జబ్బు నయమైతే నిలువెత్తు బంగారం ఇస్తానని అమ్మ మొక్కుకుంది. అక్కడ బంగారమంటే బెల్లమే. వాడి ఎత్తు బెల్లం డిక్కీలో వేసుకుని ములుగు, పస్రా, తాడ్వాయి మీదుగా పోతుంటే వెనక కమాను పట్టీలు కిందికి కుంగి, ముందు లైట్లు చెట్ల కొమ్మల మీద పడేవి. జంపన్నవాగు ఒడ్డున బండి పక్కనే వండుకుని, బండి పక్కనే పడుకున్నాం.

1993లో బాపు అడ్తి మూసేశాడు. బండి గోదాములో ఒక మూలకు చేరింది. మొదట దాని మీద టార్పాలిన్ కప్పారు, తర్వాత ఖాళీ గోనెసంచులు, తర్వాత ఏది ఎక్కడ పెట్టాలో తెలియకపోతే అది. పదేళ్ళు గడిచాయి. 2003 ఎండాకాలంలో గోదాము ఖాళీ చేయాల్సి వచ్చింది. పాత ఇనుము కొనేవాడు వచ్చి, టైరును కాలితో తన్ని, తూకం లెక్కన ధర చెప్పాడు. బాపు ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి, బీరువాలోంచి తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"అమ్ముతవో నడిపిస్తవో నీ ఇష్టం" అన్నాడు.

ఆ సాయంత్రమే ఉస్తాద్ దగ్గరకు వెళ్ళాను. ఆయన అసలు పేరుతో పిలిచిన వాళ్ళను నేను చూడలేదు. ములుగు రోడ్డు పక్కన రేకుల షెడ్డు, ముందు పెద్ద వేపచెట్టు. ఆ వేప కొమ్మకు చైన్ పుల్లీ కట్టి ఇంజన్లు లేపేవాడు. ఎనభైలలో మా బండికి ఆయనే రిపేరు చేసేవాడు. ఇప్పుడు డెబ్భైకి దగ్గర పడ్డాడు, మోకాళ్ళ నొప్పులు, పని తగ్గించుకున్నాడు. విషయం చెబితే చాలాసేపు బీడీ కాల్చి, "సేటు బండి నేను చేస్త. పైసల్ సంగతి తర్వాత. గని ఐతారం ఐతారం నువ్వు రావాలె, నీ చేతులు పెట్టాలె. రేపు నేను లేకుంటే ఈ బండిని ఎవడు జూస్తడు?" అన్నాడు.

నేను అప్పటిదాకా పానా పట్టిన వాణ్ణి కాదు. బ్యాంకులో గుమస్తా ఉద్యోగం. అయినా సరే అన్నాను.

విప్పడమే రెండు నెలలు పట్టింది. అంత టైం ఎందుకు పట్టిందో చెప్పాలి, ఎందుకంటే ఉస్తాద్ పనిలో అసలు గొప్పతనం అక్కడే ఉంది. ఏ మూత విప్పినా ముందు ఒక అట్టముక్క మీద దాని ఆకారం బొగ్గుతో గీసేవాడు. విప్పిన ప్రతి బోల్టునూ, అది ఏ రంధ్రంలోంచి వచ్చిందో ఆ బొమ్మలో అదే చోట గుచ్చేవాడు. పొట్టివీ పొడుగువీ కలిసిపోవు. వాషరు ఉంటే వాషరుతో సహా. షెడ్డు గోడ పొడుగునా అట్టముక్కలు, వాటి మీద బోల్టులు, దూరం నుంచి చూస్తే మా బండి గోడకు ఆరేసినట్టు ఉండేది. చిన్న చిన్నవి హార్లిక్స్ సీసాల్లోకి వెళ్ళేవి. సీసా మీద కాగితం అంటించి రాయడం నా పని. "నీకు యాదికుంటదనుకుంటవు. ఉండది" అనేవాడు. నిజంగానే ఉండలేదు.

ఆ అట్టలే మాకు బండి చరిత్ర చెప్పాయి. అంబాసిడర్ ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌ను చూసి బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో కట్టిన బండి, ఇంజన్ 1489 సీసీది. దాని బోల్టులన్నీ అంగుళాల లెక్క. కానీ ముప్పై ఐదేళ్ళలో ఎంతమంది చేతులు పడ్డాయో, మధ్యమధ్యలో మిల్లీమీటర్ల బోల్టులు దూరాయి. ఉస్తాద్ ఒకరోజు రెండు బోల్టులు నా చేతిలో పెట్టి తేడా చెప్పమన్నాడు. ఎంత చూసినా కవలపిల్లల్లా ఉన్నాయి. ఒకటి 5/16 అంగుళం, అంటే 7.94 మిల్లీమీటర్లు. ఇంకోటి 8 మిల్లీమీటర్లు. కంటికి ఏం తెలుస్తుంది? "కండ్లతోని కాదు, గోరుతోని జూడు" అన్నాడు. బొటనవేలి గోరు మరల మీద నెమ్మదిగా లాగితే, ఒకదాని మీద గోరు సన్నగా గీరుకుంటూ జారింది, ఇంకోదాని మీద మెట్టు మెట్టుగా దిగింది. మొదటిదానికి అంగుళానికి 24 మరలు, రెండోదానికి దాదాపు 20. ఇది తెలియనివాడు బిగిస్తే రెండు చుట్లు హాయిగా ఎక్కుతుంది. మూడో చుట్టుకు పట్టేస్తుంది. తుప్పేమో అనుకుని బలం పెడితే లోపలి మరలన్నీ కొరుక్కుపోతాయి. మా బండి వాటర్ పంపు దగ్గర సరిగ్గా అదే జరిగి ఉంది. ఎవరో బలవంతంగా ఎక్కించిన బోల్టు తీసి, రంధ్రం పెద్దది చేసి, బుష్ వేసి, కొత్తగా మర కోయించాల్సి వచ్చింది.

పానాలూ అంతే. అర అంగుళం నట్టు 12.7 మిల్లీమీటర్లు. 13 నంబరు పానా వేస్తే పట్టినట్టే ఉంటుంది, బిగువుగా ఉన్న నట్టు మీద జారి మూలలు గుండ్రం చేసేస్తుంది. ఉస్తాద్ అంగుళాల పానాల తోలు సంచి వేరు, మిల్లీమీటర్ల డబ్బా వేరు. నేను పొరపాటున ఒకదాన్ని ఇంకోదాంట్లో పెడితే మాట్లాడకుండా తీసి మార్చి పెట్టేవాడు. అరవడం ఆయనకు రాదు.

డిక్కీలో మ్యాట్ ఎత్తిన రోజు ఒకటి గుర్తుంది. మూలన పసుపు గడ్డకట్టి ఉంది. మేడారం బండారి. ఇరవై ఏళ్ళు దాటింది. ఉస్తాద్ దాన్ని బ్రష్‌తో ఊడ్చబోయి ఆగి, పాత కాగితంలోకి ఎత్తి "అమ్మకియ్యి" అన్నాడు.

ఇక స్పేర్ పార్టుల వేట. అంబాసిడర్ అప్పటికింకా తయారవుతూనే ఉంది కాబట్టి అన్నీ దొరుకుతాయని నేను ధీమాగా ఉన్నాను. బేరింగులు, క్లచ్ ప్లేటు, గ్యాస్కెట్ల లాంటివి దొరికాయి కూడా. కానీ మార్క్ టూకే ప్రత్యేకమైనవి 1975లో మార్క్ త్రీ రావడంతోనే కొట్ల నుంచి మెల్లగా మాయమయ్యాయి. కాజీపేటలో పొద్దున్నే రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి, రాణీగంజ్ కొట్లన్నీ తిరిగి, అక్కడ లేకపోతే పుత్లీబౌలి వెళ్ళి, రాత్రి బండికి తిరిగి రావడం. ఆ ఏడాది ఎన్ని సెలవులు అలా పోయాయో లెక్క లేదు.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఉత్త చేతులతో వెళ్ళాను. కార్బ్యురేటర్ పైన గిన్నెకు పగులు ఉంది, అది ఒక్కటి కావాలి. పాత సామాన్ల కొట్టతను నా మాటలు విని ఒక గిన్నె ఇచ్చాడు. శుభ్రంగా, మెరుస్తూ ఉంది. పట్టలేని సంతోషంతో తెచ్చి ఉస్తాద్ ముందు పెట్టాను. ఆయన మా పాత పిస్టన్ తీసి, తుడిచి, ఆ గిన్నెలోకి దించాడు. ఒకసారి తిప్పాడు. చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ తిప్పాడు. నా చేతికిచ్చి "తిప్పి జూడు" అన్నాడు. ఒకచోట ఎక్కడో సన్నగా రాసుకుంటోంది. చూస్తే కనపడదు, వేళ్ళకు తెలుస్తుంది.

"మన బండిది కాదు బేటా" అన్నాడు.

తర్వాత చెప్పాడు. ఆ గిన్నె, దాంట్లో పిస్టన్ రెండూ ఫ్యాక్టరీలోనే జోడుగా చేస్తారు. వాటి మధ్య ఖాళీ వెంట్రుకవాసి. పిస్టన్ గిన్నెను తాకకూడదు, గాలిని వదలకూడదు. ఒక జోడులోది ఇంకో జోడులోకి కుదరదు. కొంటే రెండూ కలిపి కొనాలి. "పెండ్లాం మొగుడు లెక్క. ఒకర్ని తెచ్చి ఇంకొకరింట్ల పెడితే సంసారం నడుస్తదా?" అన్నాడు. ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టాడు. పాతది గుడ్డలో చుట్టుకుని వెంట తీసుకెళ్ళకుండా ఏ పార్టూ కొనొద్దు. కొత్తదాన్ని పాతదాని పక్కన పెట్టు, బరువు చూడు, అంచులు తడుము, రంధ్రాల మీద రంధ్రాలు కూర్చోబెట్టి వెలుతురుకు ఎత్తి చూడు. క్లచ్ ప్లేటైతే మధ్యలో పళ్ళు లెక్కపెట్టు.

మూడు ప్రయాణాల తర్వాత జోడు దొరికింది. అది బిగించిన పూట నాకు ఇప్పుడే జరిగినట్టుంది. గిన్నె పెట్టి మరలు బిగించాక, ఉస్తాద్ కార్బ్యురేటర్ నోట్లో వేలు పెట్టి పిస్టన్‌ను పైకి లేపి వదిలాడు. మెత్తగా దిగింది, చప్పుడు లేదు. "సూది రాసుకుంటాంది" అన్నాడు. పిస్టన్ కింది సూది దిగే సన్నటి పెట్రోల్ గొట్టమే జెట్. దాని నట్టు వదులు చేసి, పిస్టన్‌ను పైనుంచి నొక్కి పట్టి, జెట్ తనంతట తాను సూది చుట్టూ మధ్యకు సర్దుకునేలా చేసి, మళ్ళీ బిగించాడు. లేపి వదిలాడు. ఈసారి 'టక్' మంది. అంతే, చిన్న టక్. నన్ను కూడా లేపి వదలమన్నాడు. ఇరవై సార్లు చేసి ఉంటాను. ఆ చప్పుడు వింటే ఇప్పటికీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

నా చేతుల మీదుగా ఒక పెద్ద తప్పు కూడా జరిగింది. ఒక ఆదివారం ఉస్తాద్ వాళ్ళ బంధువుల షాదీకి వెళ్ళాడు. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే, వాటి వీల్ సిలిండర్లు విప్పి ఉన్నాయి, కొత్త రబ్బరు కప్పులు తెచ్చి ఉన్నాయి. ఆయన వచ్చేసరికి పూర్తిచేసి చూపిద్దామనుకున్నాను. అన్నింటినీ కిరోసిన్‌లో బాగా కడిగి, రబ్బర్లు వేసి, బిగించి, బ్రేక్ ఆయిల్ పోశాను. వారం తర్వాత బండిని తోద్దామంటే కదలదు. చక్రాలు నాలుగూ పట్టేశాయి. విప్పి చూస్తే రబ్బరు కప్పులు నానబెట్టిన శనగల్లా ఉబ్బి ఉన్నాయి. మిగిలిపోయిన కిరోసిన్ తడి చాలట, రబ్బరు ఉబ్బిపోతుంది.

ఉస్తాద్ ఒక్క మాట అనలేదు. మిగిలిన రెండు కప్పులు తీసి, రెండు గాజు గ్లాసుల్లో వేశాడు. ఒకదాంట్లో కిరోసిన్, ఇంకోదాంట్లో బ్రేక్ ఆయిల్. కిటికీలో పెట్టి "వచ్చే ఐతారం జూడు" అన్నాడు. వచ్చే ఆదివారం చూశాను. బ్రేక్ ఆయిల్‌లోది ఎలా వేసింది అలాగే ఉంది, కిరోసిన్‌లోది పక్కదాని కంటే లావెక్కి మెత్తబడింది. బ్రేకు సామాను బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలన్న సంగతి నేను చచ్చేదాకా మరిచిపోను. కొత్త కప్పుల కోసం మళ్ళీ రైలెక్కాను. బ్రేకులు ఫెయిలయ్యేది రోడ్డు మీద కాకుండా షెడ్డులోనే జరిగింది, ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

బాపు ఈ ఆరు నెలల్లో ఒక్కసారీ షెడ్డుకు రాలేదు. రాత్రి అన్నం తినేటప్పుడు మాత్రం "ఎందాక వచ్చింది?" అని అడిగేవాడు. నేను చెబుతుంటే పళ్ళెంలోకి చూస్తూ వినేవాడు. ఇంజన్ సిలిండర్లు అప్పటికే 40 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) దాకా బోరు కొట్టించి ఉన్నాయనీ, ఇక కోయడానికి ఇనుము మిగల్లేదనీ చెబితే, "1986ల కొట్టిచ్చిన. అదే ఆఖరుదన్నడు అప్పుడే" అన్నాడు. లేత్ షాపులో స్లీవులు వేయించి మళ్ళీ మొదటి కొలతకు, 73 మిల్లీమీటర్లకు తెచ్చాం. రంగు, సీట్లు, వైరింగ్ సంగతులు రాయను. డబ్బు పెడితే అయ్యే పనులవి, అయ్యాయి.

బ్యాటరీకి ఛార్జి ఇచ్చే డైనమో సంగతి మాత్రం చెప్పాలి. మాది కాలిపోయి ఉంటే ఇంకో పాత అంబాసిడర్‌ది దొరికింది. బిగించాం. ఉస్తాద్ ఇంకా కనెక్షన్ ఇవ్వనివ్వలేదు. మా బండికి బ్యాటరీ ప్లస్ బాడీకి కలిపి ఉంటుంది, ఇప్పటి బండ్లకు మైనస్ కలుపుతారు. ఈ డైనమో మైనస్ ఎర్త్ బండిలో పనిచేసి వచ్చింది. లోపలి ఇనుములో కొంచెం అయస్కాంతం మిగిలే ఉంటుంది, ఆ మిగిలింది పాత దిక్కునే పట్టుకుని ఉంటుంది. అలాగే కలిపితే కరెంటు తిరగబడి వస్తుంది. ఉస్తాద్ బ్యాటరీ మైనస్ నుంచి ఒక వైరు తీసుకుని డైనమో మీద ఎఫ్ అని రాసి ఉన్న పాయింటుకు తాకించి తీశాడు. చిటుక్కుమని చిన్న మెరుపు. మళ్ళీ ఒకసారి. మళ్ళీ. "ఇప్పుడు ఇది మనింటి మనిషి" అన్నాడు.

బతుకమ్మ పండుగ రోజుల్లో ఇంజన్ మొదటిసారి స్టార్ట్ చేశాం. వాల్వులకు 15 థౌ గ్యాప్ ఉస్తాద్ పెట్టాడు, ఆ సందు కొలిచే రేకు, ఫిల్లర్ గేజ్, పట్టింది నేను. వాల్వుకీ దాన్ని నొక్కే రాకరుకీ మధ్య ఆ రేకు ఎంత బిగువుగా జారాలో చెప్పమంటే, "వెన్న మీద కత్తి కాదు, రొట్టె మీద కత్తి" అన్నాడు. ప్లగ్గులకు కరెంటు పంచే డెల్కో మూత పెట్టి ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటీ తగిలిస్తూ "ఏక్, తీన్, చార్, దో" అని చదువుకున్నాడు. సెల్ఫ్ కొడితే రెండుసార్లు మూలిగి మూడోసారి అందుకుంది. షెడ్డంతా పొగ. రోడ్డు మీద తంగేడు పూల మోపులు ఎత్తుకుపోతున్న పిల్లలు ఆగి చూశారు. ఉస్తాద్ ఒక పొడుగు పేచ్‌కస్ (స్క్రూడ్రైవర్) మొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని అటూ ఇటూ మార్చి మార్చి విన్నాడు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. తల ఊపాడు.

ఇక మిగిలింది జాలీ ఒక్కటే. మా బండిది తుప్పు పట్టి, చేత్తో ముట్టుకుంటే రాలిపోయింది. ఎక్కడా దొరక్క చివరికి మార్క్ త్రీ జాలీ తెచ్చాను. అడ్డగీతలది. కుదురుతుంది, బోల్టులు పడతాయి. ఉస్తాద్ నా మాట కాదనలేక బిగించాడు, కానీ ముఖంలో ఇష్టం కనపడలేదు. బండి ఇంటికి తెచ్చి వాకిట్లో పెట్టాను. బాపు అరుగు మీద నుంచి లేచి వచ్చి ముందు నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు.

"అన్నీ మంచిగ చేసినవు. గని మన బండి మొఖం గిది కాదురా" అని లోపలికి వెళ్ళిపోయాడు.

తెల్లారే బండిని మళ్ళీ షెడ్డుకు తీసుకెళ్ళాను. ఇద్దరం కలిసి వెతకడం మొదలుపెట్టాం. హన్మకొండ, జనగామ, కరీంనగర్, ఎక్కడ డెంటింగ్ షెడ్డు కనపడినా ఆగడమే. చివరికి డిసెంబరులో దొరికింది, అది కూడా కాజీపేటలో, మా కళ్ళ ముందే. ఒక టింకరింగ్ మేస్త్రీ షెడ్డు గోడకు గళ్ళ జాలీ ఒకటి కొట్టి ఉంది. ప్రతి గడికీ ఒక కొక్కెం, ప్రతి కొక్కేనికీ ఒక పానా. అది ఆయన సామాన్ల అర. నేను గుర్తుపట్టలేదు. దాని మీద నాలుగు రంగుల పెయింటు మరకలు, పైగా నిండా పానాలు. ఉస్తాద్ నడుస్తున్నవాడు ఆగాడు. వెళ్ళి, రెండు పానాలు తీసి పక్కన పెట్టి, గడి అంచు మీద బొటనవేలు పెట్టి ఆ చివర నుంచి ఈ చివర దాకా లాగాడు. నా వైపు తిరిగి కళ్ళెగరేశాడు.

మేస్త్రీ అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. "మరి నా పానాలు యాడ తగిలియ్యాలె?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. మర్నాడు నేను మంచి టేకు చెక్క కొని, వడ్రంగి చేత కోయించి, మేస్త్రీ చెప్పిన కొలతల్లో కొక్కేలు కొట్టించి తీసుకెళ్ళాను. తన చేత్తో ఒక్కొక్క పానా పాత జాగా నుంచి కొత్త జాగాకు మార్చుకున్నాక జాలీ ఊడదీసి ఇచ్చాడు. డబ్బులు తీసుకోలేదు, ఛాయ్ తాగించాడు.

గీకి, కడిగి, సాపు చేసి, క్రోమియం పూత వేయించాం. అంచున రెండు రంధ్రాలు చినిగిపోయి ఉంటే ఉస్తాద్ వాటి మీద వాషర్లు పెట్టి ఇత్తడితో అతికాడు. బిగించే రోజు ఎడమ పక్క కూర్చుంటే కుడి పక్క లేస్తోంది. నేను నొక్కబోతే చెయ్యి పట్టుకున్నాడు. "జబర్దస్తీ వద్దు." బోల్టులన్నీ రెండేసి మరలు మాత్రమే ఎక్కించి వదిలేసి, రెండు అరచేతులతో జాలీని నెమ్మదిగా కదిలించాడు, పిల్లను జోకొట్టినట్టు. ఎక్కడో సర్దుకుంది. అప్పుడు మధ్య నుంచి మొదలుపెట్టి ఇటొకటి అటొకటి బిగించుకుంటూ చివరలకు వచ్చాం. ఆఖరి బోల్టు నన్ను బిగించమన్నాడు. గోరుతో మర చూసుకుని బిగించాను.

ఉస్తాద్ ఆ తర్వాత నాలుగేళ్ళు ఉన్నాడు. డబ్బులు ఎంత ఇచ్చినా సగం తిరిగి జేబులో పెట్టేవాడు. 2014 మే నెలలో ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ ఆగిపోయిందని పేపర్లో చదివినప్పుడు, ఈ కబురు చెప్పడానికి నాకు ఆయన తప్ప ఇంకెవరూ గుర్తుకు రాలేదు.

జాలీ బిగించాక, ఆ సంక్రాంతికి ముందు ఒక సాయంత్రం బండి ఇంటికి తెచ్చాను. మేడారం జాతరకు ఇంకా మూడు వారాలు ఉంది. బాపు అరుగు దిగి వచ్చి, వంగి, జాలీ గళ్ళ మీద చెయ్యి వేసి రాశాడు. ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళాడు. మళ్ళీ నచ్చలేదేమోనని నాకు టెన్షన్ పట్టుకుంది. ఐదు నిమిషాల తర్వాత ఇస్త్రీ అంగీ వేసుకుని, తల దువ్వుకుని వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. చౌరస్తా, పోచమ్మమైదాన్, ఎంజీఎం మీదుగా హన్మకొండ దాకా పోయి వెయ్యి స్తంభాల గుడి దగ్గర తిప్పుకుని వచ్చాం. దారి పొడుగునా ఒక్కటే మాట అన్నాడు. మూడో గేరు వేయబోతుంటే నా చేతి మీద చెయ్యి పెట్టి, "ఆగు, ఇంకొంచెం అందుకోనియ్యి" అన్నాడు.

ఆ రాత్రి అలసిపోయి నిద్రపోయాను, ఏ చప్పుడూ వినలేదు. నూనె సంగతి ఉస్తాద్ నాకు ముందే చెప్పి ఉన్నాడు. ఆ ఇంజన్ వెనక పక్క రబ్బరు సీలు ఉండదు. క్రాంక్ షాఫ్టు మీదే గాడులు చెక్కి ఉంటాయి, తిరుగుతున్నంతసేపు అవి నూనెను లోపలికి మళ్ళిస్తాయి, ఆగితే ఒకటి రెండు చుక్కలు కారకుండా ఉండవు. అది రోగం కాదు, పుట్టుక. ఇంట్లో ఎవరికీ నేను ఈ సంగతి చెప్పలేదు. అమ్మతో ఎలా చెప్పాలా అనుకుంటూ పొద్దున్నే లేచి వాకిట్లోకి వచ్చాను. కల్లాపి చల్లి ఉంది, ముగ్గు బండి దాకా వచ్చి ఆగి ఉంది. బండి కింద అదే ఇనుప తట్ట. పదేళ్ళుగా ఎక్కడ దాచిందో నాకు తెలియదు. మా ఇంట్లో కట్టెల పొయ్యి ఎప్పుడో పోయింది, బూడిద పక్కింటి నుంచి అడిగి తెచ్చినట్టుంది. వంగి చూశాను. తెల్లటి బూడిద మధ్యలో నల్లగా ఒక్క చుక్క.